ఒక వాగు, రెండు పిన్‌కోడ్లు

సెప్టెంబరు 19, 2024, గురువారం – హోఫ్

భద్రాచలంలోని జూనియర్ కళాశాలలో చరిత్ర అధ్యాపకుడిగా పనిచేసినన్నాళ్ళూ, రెండో ప్రపంచయుద్ధం పాఠం చివర బెర్లిన్ గోడ గురించి ఓ పావుగంట చెప్పి గంట కొట్టించుకునేవాణ్ణి. ఈసారి జర్మనీలో, బవేరియా రాష్ట్రంలోని ఎర్లాంగెన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, "నాన్నా, బెర్లిన్ చూసొద్దామా?" అని అడిగింది. బెర్లిన్ వద్దన్నాను. బవేరియా ఉత్తరపు అంచున, యాభైమంది కూడా సరిగ్గా లేని మ్యోడ్లారాయిట్ అనే పల్లెను కూడా అలాంటి గోడే నిలువునా చీల్చిందని ఈ మధ్యనే తెలిసింది; అన్నేళ్ళు పాఠం చెప్పిన నాకు ఆ పేరైనా తెలియకపోవడం కొంత సిగ్గుగానే ఉంది. మా అమ్మాయి శుక్రవారం సెలవు పెట్టింది. మా ఆవిడ మనవడి దగ్గర ఉండిపోయి, మాకు రెండు డబ్బాల నిండా పులిహోర కట్టి పంపింది.

ఆ పల్లెకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న హోఫ్ పట్టణంలో రెండు రాత్రులు బస చేశాం. జాలె నది ఒడ్డునున్న ఈ ఊరి రైల్వే స్టేషన్‌కు చరిత్రలో ఒక చోటుంది. ప్రేగ్‌లోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయంలో తలదాచుకున్న తూర్పు జర్మన్లను తీసుకుని బయలుదేరిన రైళ్ళు, 1989 అక్టోబరు 1న వచ్చి ఆగింది ఇక్కడే. అవి నేరుగా సరిహద్దు దాటి రాలేదు. తూర్పు జర్మనీ తన పట్టు నిలుపుకోవడానికి వాటిని తన భూభాగం మీదుగానే పోనిచ్చింది. వదిలి వచ్చిన దేశంలోకే రైలు మళ్ళీ మళ్ళినప్పుడు లోపల కూర్చున్న వేలమంది గుండెలు ఎలా కొట్టుకున్నాయో, ఆ పాత స్టేషన్ హాల్లో నిలబడి కాసేపు ఊహించుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం చక్రాల పెట్టెలు లాక్కుంటూ ఎవరి తొందరలో వాళ్ళున్నారు.

హోఫ్‌లో నన్ను కట్టిపడేసింది మరొకటి. నడివీధిలో తెల్ల అంగరఖా తొడుక్కున్న ఒకాయన ఒక ఇత్తడి కాగు ముందు నిలబడి సాసేజీలు అమ్ముతున్నాడు. అక్కడి యాసలో ఆయన్ను 'వెర్ష్ట్లామో' అంటారట, అంటే సాసేజీల మనిషి. మన ఇళ్ళలో ఒకప్పుడు స్నానాలకు నీళ్ళు కాచిన రాగి బాయిలర్ గుర్తుందా? కిందో మధ్యలోనో నిప్పులు, చుట్టూ నీళ్ళు. ఇదీ అదే పద్ధతి. కాగు అడుగున బొగ్గులు కణకణలాడుతుంటాయి, పైన వేడినీళ్ళలో రకానికో అరలో సాసేజీలు తేలుతుంటాయి. ఆయన మూత ఎత్తగానే ఆవిరి మొహాన కొట్టింది. పొడుగాటి పటకారుతో ఒక జత పైకి తీసి, నీళ్ళు ఓడ్చి, చీల్చిన బ్రెడ్డు ముక్కలో పెట్టి, ఆవాల ముద్ద పూసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. మూడున్నర యూరోలు. నేను కార్డు తీయబోతే ఆయన నవ్వి, తల అడ్డంగా ఊపి, నడుముకు కట్టుకున్న తోలు సంచిని తట్టి చూపించాడు. రొక్కమే. యూరో తొంభై రూపాయల పైచిలుకు పలుకుతున్న రోజుల్లో ఒక చిన్న తిండికి మూడు వందలు పైగా అయిందని లెక్కవేసిన మాట నిజమే. రెండోది కొనుక్కున్న మాటా నిజమే.

రాత్రి భోజనంలో క్లోస్ తిన్నాను. పచ్చి బంగాళాదుంపను తురిమి, గుడ్డలో వేసి నీరంతా పిండి, ఉడికించి మెదిపిన దుంపతో కలిపి, మధ్యలో వేయించిన రొట్టెముక్కలు పెట్టి, పెద్ద నిమ్మకాయకు నాలుగింతల ఉండ చేసి నీళ్ళలో ఉడికిస్తారు. మన కుడుముకు దూరపు చుట్టం అనుకోవచ్చు, కానీ సాగుతుంది. దాన్ని కత్తితో కోయబోతే వడ్డించే ఆవిడ దగ్గరికొచ్చి, ఫోర్కుతో చీల్చాలని సైగ చేసింది. కత్తితో కోస్తే ముఖం నున్నగా మూసుకుపోయి పులుసు పట్టదట. ముద్ద కలిపేముందు అన్నం చిదిపే జాతివాణ్ణి గనుక ఆ మాట వెంటనే అర్థమైంది.

సెప్టెంబరు 20, శుక్రవారం – మ్యోడ్లారాయిట్

'రాయిట్' అంటే అడవి కొట్టి చదును చేసిన చోటు. ఈ ప్రాంతంలో ఆ తోకతో ముగిసే పేర్లు అడుగడుగునా తగులుతాయి. ఆ సంగతి మర్నాడు మా కాళ్ళకు బాగా తెలిసివచ్చింది. కోసిన గోధుమ పొలాలు, పశువుల మేత కోసం ఇంకా నిలిచి ఉన్న మొక్కజొన్న చేలు, వాటి నడుమ ఒక పల్లంలో ఊరు. ఏటవాలు కప్పుల ఇళ్ళు, ఒక చెరువు, దాని పక్కన పచ్చిక. ఇంతలో తెల్లగా, పొడుగ్గా, ఏ ఇంటికీ చెందని ఒక గోడ కనబడుతుంది.

ముందు వాగు చూడాలన్నాను. మా అమ్మాయి రోడ్డు పక్కనున్న చిన్న వంతెన మీదికి తీసుకెళ్ళి, "ఇదే టాన్‌బాఖ్" అంది. నేను ఇంకా ముందుకు చూస్తున్నాను. "నాన్నా, కింద!" అంది. గడ్డి మధ్య నుంచి, మన పొలాల్లో పంటకాలువ పారినట్టు, గులకరాళ్ళు తడుపుకుంటూ పోతోంది. లుంగీ ఎగ్గట్టనక్కర్లేదు, కొంచెం కాలు చాపితే అవతలి గట్టు. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి కాబట్టి రెండు రాజ్యాలను వేరు చేసే నీళ్ళంటే మనసులో ఒక కొలత పెట్టుకున్నానేమో, నాకు నవ్వొచ్చింది.

ఈ వాగు సరిహద్దు కావడం సోవియట్లతోనో అమెరికన్లతోనో మొదలవలేదు. 1810లో ఇటువైపు బవేరియా రాజ్యం, అటువైపు రాయిస్ సంస్థానం (నేటి తురింగియా) అని నిర్ణయించి, వాగు వెంట హద్దురాళ్ళు పాతారు. అయితే ఆ గీత పన్ను వసూలు చేసేవాళ్ళకే తప్ప ఊరివాళ్ళకు పట్టలేదు. బడీ, తాగి కబుర్లాడుకునే సత్రమూ వాగుకు తురింగియా వైపున ఉండేవి; ఆదివారం ప్రార్థనకు మాత్రం అందరూ బవేరియాలోని ట్యోపెన్ చర్చికి వెళ్ళేవారు. రాజులు పోయారు, 1920లో చిన్న సంస్థానాలన్నీ కలిసి తురింగియా రాష్ట్రమైంది, అయినా ఊరు ఒకటే ఊరు. 1945లో యుద్ధ విజేతలు జర్మనీని ఆక్రమణ ప్రాంతాలుగా పంచుకున్నప్పుడు ఎవరో పటం మీద ఆ పాత గీతనే వాడుకున్నారు. 1949లో రెండు జర్మనీలు ఏర్పడేసరికి, బవేరియా పశ్చిమ జర్మనీలో, తురింగియా తూర్పు జర్మనీలో పడి, పిల్లలు గెంతే వాగు రెండు దేశాల హద్దు అయి కూర్చుంది.

అసలు దెబ్బ 1952లో పడింది. ఆ ఏడాది మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దును మూసివేస్తూ ఉత్తర్వు జారీ చేసింది. హద్దు పక్కనే 10 మీటర్ల వెడల్పున దున్నిన నేల, అందులో అడుగు పెట్టరాదు. దాని వెనుక 500 మీటర్ల రక్షణ పట్టీ. ఆపైన 5 కిలోమీటర్ల నిషేధిత ప్రాంతం. మ్యోడ్లారాయిట్ తూర్పు సగమంతా ఆ 500 మీటర్లలోనే పడింది. అక్కడివాళ్ళు తమ ఇంట్లో తాము ఉండడానికి కూడా గుర్తింపు పత్రంలో ప్రత్యేక ముద్ర ఉండాలి, చీకటి పడ్డాక ఆరుబయట తిరగరాదు, అనుమతి లేకుండా చుట్టం గడప తొక్కరాదు. నమ్మదగనివాళ్ళని అధికారులు తలచినవారిని ఆ మే, జూన్ నెలల్లో సరిహద్దు పొడవునా ఇళ్ళు ఖాళీ చేయించి లోపలి జిల్లాలకు తరలించారు. ఆ పనికి అధికారులు పెట్టుకున్న సంకేతనామం చీడపురుగులకు వాడే మాట. ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. సొంత పౌరులకు అలాంటి పేరు పెట్టి, దాన్ని దస్త్రంలో రాసి, సంతకం చేసిన చేతులు కూడా గుమాస్తాల చేతులే కదా.

మొదట చెక్క కంచె వచ్చింది, తర్వాత ముళ్ళతీగ, చివరికి 1966లో కాంక్రీటు గోడ. 700 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తు. అమెరికన్ సైనికులు ఈ ఊరికి 'చిన్న బెర్లిన్' అని పేరు పెట్టారు. అవతలి నుంచి నిచ్చెన సాయంతో ఈ గోడ దాటి బయటపడినది 1973లో, ఒకే ఒక్కడు. పశ్చిమం వైపునుంచి మాత్రం గోడ చూడడానికి బస్సుల్లో జనం వచ్చేవారు. అప్పటికి అమెరికా ఉపాధ్యక్షుడైన జార్జి బుష్ కూడా 1983 ఫిబ్రవరిలో వచ్చి చూసిపోయారు.

ఇప్పుడు గోడలో సుమారు వంద మీటర్ల భాగం, కావలి బురుజులు, లోహపు జాలీ కంచె అలాగే ఉంచి, దాన్ని ప్రదర్శనశాల చేశారు. గోడ దగ్గరికి వెళ్ళి చేత్తో తట్టి చూశాను. మన ఊళ్ళలో ప్రహరీలకు వాడే రెడీమేడ్ పలకల గోడలాగే ఉంది, అంతకన్నా గొప్పదేమీ కాదు. సున్నం అక్కడక్కడ పెచ్చులూడి కింద బూడిదరంగు కనబడుతోంది. గోడ ఇటువైపు నున్నగా ఉంది, పట్టు దొరకదు. తెల్లరంగు ఎందుకు వేశారని మా అమ్మాయి అక్కడి ఉద్యోగినిని అడిగితే, తెల్ల గోడ ముందు మనిషి నీడ రాత్రిపూట కూడా స్పష్టంగా కనబడుతుందని చెప్పింది. సున్నం వేయడంలో అలాంటి అర్థం ఉంటుందని నాకెన్నడూ తోచలేదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టినది చేయి ఊపరాదన్న నిషేధం. పశ్చిమం వైపువాళ్ళు గట్టు మీద నిలబడి చేయి ఊపవచ్చు, పేరు పెట్టి పిలవవచ్చు. తూర్పు వైపువాళ్ళు జవాబివ్వకూడదు. బురుజులో కావలివాడు చూస్తుంటాడు, మర్నాడు పిలిచి అడుగుతారు. అంటే ముప్ఫై గజాల దూరంలో ఉన్న మేనత్త తల దించుకుని తన పని తాను చేసుకుపోతుంటే, అది కోపం కాదని ఇవతలి పిల్లలు నేర్చుకోవాలన్నమాట.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆకలి వేసింది. పులిహోర ఉంది గానీ పెరుగు లేదు. తురింగియా వైపు నాలుగైదు కిలోమీటర్ల లోపే గెఫెల్ అనే చిన్న పట్టణం ఉంది కదా, అక్కడి కిరాణా దుకాణంలో కొందామని కారు తీశాం. వీధులు నిర్మానుష్యం. దుకాణం తలుపు మూసి ఉంది, పక్కన రొట్టెల దుకాణమూ మూసే ఉంది. శుక్రవారం మిట్టమధ్యాహ్నం ఇదేమి చోద్యమని మేం తెల్లబోయి చూస్తుంటే, కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి, "ఈరోజు మాకు సెలవు" అన్నాడు. సెప్టెంబరు 20 బాలల దినోత్సవం. 2019 నుంచి తురింగియాలో అది ప్రభుత్వ సెలవు. బవేరియాలో కాదు. ఆరేళ్ళుగా బవేరియాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఆ ఒక్కరోజుకే తన సెలవు ఖర్చుపెట్టుకుని, సెలవిచ్చిన రాష్ట్రానికి వచ్చి నిలబడిందన్నమాట. కారు వెనక్కి తిప్పి, వాగు దాటి, హోఫ్ దారిలో తెరిచి ఉన్న ఒక దుకాణంలో పెరుగు కొన్నాం. అరకిలో డబ్బా, యూరో మీద కొన్ని సెంట్లు.

ఆ సంగతి తెలిశాక తిరిగి వచ్చి చూస్తే ఊరే వేరుగా కనబడింది. ఇవతల బవేరియా వైపు ఒక ట్రాక్టరు మొక్కజొన్న మేత బండి లాక్కుంటూ గుర్రుమంటోంది; అవతల తురింగియా వైపు పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, ఒక పెరట్లో బొగ్గుల మీద మాంసం కాలుతున్న వాసన వస్తోంది. నడుమ మోకాలి లోతు కూడా లేని నీళ్ళు. అక్టోబరు 31 అటువైపు సెలవు, నవంబరు 1 ఇటువైపు సెలవు. జనవరి 6 ఇటువైపు మాత్రమే. రెండు పిన్‌కోడ్లు: అటు 07926, ఇటు 95183. ఇద్దరు మేయర్లు, కార్లకు రెండు రకాల నంబరు పలకలు, ఫోనుకు రెండు కోడ్‌లు. పలకరింపు కూడా రెండు తీర్లే: ఇటువాళ్ళు 'గ్ర్యూస్ గోట్' అంటూ దేవుణ్ణి తలుచుకుంటారు, అటువాళ్ళు 'గూటెన్ టాగ్' అని మంచి రోజు కోరతారు. ఎదురైన ప్రతివారినీ పలకరించడం ఇక్కడి మర్యాద. ఎర్లాంగెన్‌లో అలా చేస్తే వింతగా చూస్తారట. నేను వంతెన మీద నడుస్తూ ఎక్కడ మాట మార్చాలో తేల్చుకోలేక, ఒకావిడకు రెండూ కలిపి చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది.

వాగు గట్టున బల్ల మీద కూర్చుని పులిహోర విప్పాం. ఇంగువ వాసనకు కాబోలు, పక్క ఊరినుంచి నడకకు వచ్చానన్న ఒక వృద్ధురాలు ఆగి ఏమిటని అడిగింది. మా అమ్మాయి మూతలో కొంచెం పెట్టి ఇచ్చింది. నెమ్మదిగా నమిలి, పసుపు వేళ్ళకు అంటితే చూసుకుని, పులుపు దేనివల్ల వచ్చిందని అడిగింది. చింతపండుకు జర్మన్ మాట చెప్పినా ఆవిడ దాన్నెప్పుడూ చూడలేదట. పావుగంట తర్వాత మళ్ళీ వచ్చి, చేతి సంచిలోంచి నీలిరంగు ప్లమ్ పండ్లు డజను తీసి బల్ల మీద పెట్టి, థాంక్స్ చెప్పేలోగానే వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 21, శనివారం – పచ్చని పట్టీ, మిస్లారాయిట్

ఊరి తూర్పు కొసన సైనికులు గస్తీ తిరిగిన దారి కొంతవరకు మిగిలే ఉంది. రంధ్రాలున్న కాంక్రీటు పలకలను రెండు వరుసలుగా పరిచారు, రంధ్రాల్లో గడ్డి మొలిచింది. జీపు చక్రాల కోసం వేసిన ఆ పలకల మీద మనిషి నడక మహా కష్టం. అడుగు తప్పితే మడమ రంధ్రంలో దిగుతుంది. అరగంటలో నేను పలకలు వదిలి నడుమనున్న గడ్డిలోకి దిగాను.

నలభై ఏళ్ళు ఎవరూ పంట సాగు చేయని ఈ నేలలో మరెక్కడా నిలవలేని పక్షులూ మొక్కలూ బతికాయి. దాన్ని ఇప్పుడు పచ్చని పట్టీ అంటారు. జర్మనీ పొడవునా దాదాపు 1,400 కిలోమీటర్లు సాగుతుంది. దాని పుట్టుక ఇక్కడికి దగ్గరే. 1989 డిసెంబరు 9న హోఫ్‌లో తూర్పు, పశ్చిమ జర్మనీల నుంచి సుమారు 400 మంది ప్రకృతి సంరక్షకులు సమావేశమై, సరిహద్దు భూమిని ఇలాగే కాపాడాలని తీర్మానించారు. సరిగ్గా అదే రోజున మ్యోడ్లారాయిట్ గోడకు నడకదారి తెరిచి, ఊరివాళ్ళను ఇటూ అటూ పోనిచ్చారు. బెర్లిన్ గోడ తెరుచుకుని అప్పటికి నెల గడిచింది. ఆ నెల రోజులూ వీళ్ళు ఎలా ఓపిక పట్టారో! తర్వాత 1990 జూన్ 17న యంత్రం తెచ్చి గోడను కూల్చడం మొదలుపెట్టారు, మిగిల్చిన ముక్కే నిన్న నేను తట్టి చూసినది.

గంటకు పైగా నడిచాక బవేరియా, తురింగియా, సాక్సనీ మూడూ కలిసే చోట ఒక రాయి వచ్చింది. దాని చుట్టూ నాలుగడుగులు వేస్తే మూడు రాష్ట్రాలు తిరిగినట్టే. చిన్నపిల్లాడిలా మూడుసార్లు తిరిగాను, మా అమ్మాయి ఫోటో తీసింది, ఇక్కడ ప్రదక్షిణం చేసిన మొదటి భద్రాద్రివాసివి నువ్వేనంది.

తిరుగుదారిలో అడవి అంచున దారి రెండుగా చీలింది. ఫోనుకు సిగ్నల్ లేదు. సైకిల్ మీద వస్తున్న ఒక పెద్దమనిషిని ఆపి, మా అమ్మాయి నోరు తెరిచేలోగా నేనే ఉత్సాహంగా ఊరి పేరు చెప్పాను. ఆయన చేయి చాపి ఎడమ దారి చూపించాడు. యాభై నిమిషాలు నడిచి, చెమట తుడుచుకుంటూ పల్లెలో అడుగుపెట్టి బోర్డు చూస్తే, అది సాక్సనీలోని మిస్లారాయిట్! నా నాలుక మీద మ్యోడ్లా కాస్తా మిస్లా అయిందో, ఆయన చెవికి అలా వినబడిందో తెలియదు. మా అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు, ఇకమీదట దారి అడిగే పని తనదేనని మాత్రం చెప్పింది. నిన్నటి ప్లమ్ పండ్లు సంచిలో మిగిలి ఉండబట్టి సరిపోయింది. అవి తింటూ, వచ్చిన దారినే వెనక్కి నడిచి, మూడు దాటాక కారు చేరుకున్నాం.

ప్రదర్శనశాలలో కొన్న పోస్టుకార్డు మీద ఆ సాయంత్రం హోఫ్‌లో కాఫీ తాగుతూ నా మిత్రుడికి నాలుగు ముక్కలు రాశాను. అతనిది భద్రాచలం పక్కనే ఉన్న పురుషోత్తపట్నం. 2014లో రాష్ట్ర విభజనప్పుడు భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది, అతని ఊరు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళింది. రామాలయం ఇటు, ఆలయ భూములు అటు. మధ్యలో కంచె లేదు, కావలి లేదు, ఆటోవాడు ఆపకుండానే దాటేస్తాడు. కాబట్టి ఈ రెండు కథలనూ ఒక గాటన కట్టడం తప్పని నాకు తెలుసు. అయినా చిరునామా రాయబోతూ కలం ఆగింది. ఇల్లు కదలకుండానే అతను ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరికి, 2022లో అక్కడి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారిపోయాడు. మా అమ్మాయిని అడిగి ఫోనులో పిన్‌కోడ్ సరిచూసుకుని రాశాను. పంపేవారి చిరునామా దగ్గర మ్యోడ్లారాయిట్ అని రాసి, కింద రెండు పిన్‌కోడ్లూ వేశాను.

విదేశాలకు కార్డు పంపడానికి తపాలా బిళ్ళ అప్పట్లో, 2024లో, 95 సెంట్లు ఉండేది. నేను భద్రాచలం తిరిగొచ్చి మూడు వారాలు దాటింది. నిన్న సాయంత్రం అతనే వచ్చి అరుగు మీద కూర్చుని టీ తాగాడు. కార్డు ఇంకా చేరలేదట.